స్లైడులో కనపడని జ్వరం

కొండ మీద పోస్టింగు పడిందని మొహం వేలాడేసుకున్న కొత్త డాక్టర్లను ఎవరో ఒకరు విజయనగరంలో మా ఇంటికి పంపిస్తూ ఉంటారు. "మేడమ్, మీరక్కడ చాన్నాళ్లు చేశారట కదా, ఏమైనా చెప్పండి" అంటారు. కాఫీ ఇస్తాను. క్వార్టర్లో నీళ్లొస్తాయా, ట్రాన్స్‌ఫర్‌కి ఎవరిని పట్టుకోవాలి, ఘాట్ రోడ్డులో వాంతులవుతాయా, ఇవీ వాళ్ల ప్రశ్నలు. వాంతులవుతాయి నాయనా, అలవాటు పడతావు. మిగతా రెండూ నాకు తెలియవు. తెలిసుంటే నేనూ అన్నేళ్లు ఉండేదాన్ని కాదేమో.

అక్కడ ఉద్యోగమంటే నిజానికి ఏమిటని మాత్రం ఒక్కరూ అడగరు. దానికి జవాబు కాఫీ తాగేలోపు చెప్పగలిగేది కాదు, అందుకే రాస్తున్నాను. అరకులోయ చుట్టుపక్కల కొండల్లో, తొంభైల్లోనూ ఆ తరువాతి పదేళ్లలోనూ, నా ఉద్యోగమంటే ముప్పాతిక మూడొంతులు మలేరియా. నాకు ఎప్పుడు ఏ ప్రమోషను వచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ పనికిరాదు. ఒక మనిషి సంగతి మాత్రం రాస్తాను. ఆమె పేరు సుక్రి. ఆమె బతికింది. బతికించామని మేం జిలేబీలు కూడా పంచుకున్నాం. అయినా నా సర్వీసు మొత్తంలో ఇప్పటికీ నన్ను వదలని కేసు ఆమెదే.

వీధరుగు

ముందు కాస్త పాఠం. విసుక్కోకండి, ఇది లేకపోతే తరువాతది అర్థం కాదు.

మేం చదువుకునే రోజుల్లో మెదడులోని రక్తనాళాల గోడను కోటగోడ అని చెప్పారు. లోపల మెదడు రాణిగారిలా కూర్చుంటుందట, బయట రక్తం పారుతూ ఉంటుందట. రోగాలతో పోట్లాడే కణాలు ఒళ్లంతా తిరుగుతాయి కానీ మెదడు దగ్గరికి మాత్రం రాకూడదట. పరీక్షలో అలాగే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

కొండెక్కాక తెలిసింది, అది కోటగోడ కాదు, మన ఇళ్ల ముందుండే వీధరుగు లాంటిదని. వీధిలో గొడవ జరిగితే ఇంట్లోవాళ్లకు తెలిసేది ఆ అరుగు మీద నుంచే. ఇంట్లో మాట వీధిన పడేదీ అక్కడి నుంచే. మెదడు రక్తనాళాల లోపలి పొర సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఒంట్లో పోరాటం జరుగుతోందని మెదడుకు కబురు చెప్పేది అదే, సాయానికి రమ్మని రక్షణ కణాలను కేకేసేదీ అదే.

ముదిరిన మలేరియాలో జరిగేదేమిటంటే, పురుగు, అంటే మలేరియా క్రిమి, పట్టిన ఎర్రకణాలు వెళ్లి ఆ పొరకు అంటుకుంటాయి. దారి మూసుకుపోతుంది. అరుగు మీద రభస మొదలవుతుంది. పొర వాస్తుంది, కారుతుంది, రక్షణ కణాలు పిలిచినా పిలవకపోయినా వచ్చి పడతాయి. మనిషికి మూర్ఛలొస్తాయి, తెలివి తప్పుతుంది. క్వినైను ఎక్కిస్తే పురుగు చస్తుంది. పురుగు చచ్చింది కదా, ఇక అంతా సర్దుకున్నట్టే అనుకుంటాం. ఒక్కోసారి సర్దుకోదు. వీధిలో దొంగ పారిపోయాక కూడా పోగైన జనం ఇంటికి పోకుండా ఆ అరుగు మీదే రాళ్లు రువ్వుతూ ఉంటారు చూడండి, అలా ఒంటి రక్షణ కణాలే మెదడును సతాయిస్తాయి. కొన్నాళ్లకు వాటంతటవే చల్లబడతాయి. ఇంత స్పష్టంగా నాకు అప్పుడు తెలియదు. అనుమానం ఉండేది, అంతే.

రాజేశ్వర్రావు గారు

మా పెద్ద డాక్టరు రాజేశ్వర్రావు గారు. సన్నటి మనిషి, ఎండాకాలంలో కూడా స్వెట్టరు విప్పేవారు కాదు, ముక్కు మీద కోపం. ఆ కొండల్లో ఆయనను తిట్టినవాళ్లు నాకు కనపడలేదు. జీపు చెడిపోతే రోగి దగ్గరికి నడిచి వెళ్లేవారు. ఊళ్లోవాళ్లు ఏది పెడితే అది తినేవారు. పెద్దవాళ్ల ఫోను వచ్చిందని ఓపీ మధ్యలో కుర్చీలోంచి లేచిన రోజు లేదు. ఇలాంటి బాస్ నాకు మళ్లీ దొరకలేదు. ఇది ముందే చెబుతున్నాను, తరువాత చెప్పబోయేది చదివి ఆయన మీద రాయి వేయకండి.

ఆయనకు దేవుడంటే స్లైడే. వేలు పొడిచి తీసిన రక్తపు చుక్కను గాజుముక్క మీద పూసి మైక్రోస్కోపు కింద పెట్టి, పూజలో కూర్చున్నంత నిష్ఠగా చూసేవారు. పొద్దున్న నమస్కారం పెడితే "స్లైడు చూశావా?" అనేవారు, అదే ఆయన ప్రతినమస్కారం. నిజానికి కొండల్లో మా పద్ధతంతా దాని మీదే నడిచేది. జ్వరం ఏదైనా ముందు స్లైడు. పాజిటివ్ అయితే మందు, నెగటివ్ అయితే ఇంటికి. అలా చేయబట్టే ఎంతో మందిని కాపాడాం, కాదనను.

ఆయనకు ఇంకొక పట్టుదల కూడా ఉండేది. కుర్రతనంలో, మెదడు వాపు తగ్గుతుందని కోమాలో ఉన్న మలేరియా రోగులకు స్టెరాయిడు ఇచ్చేవారట. అప్పట్లో చాలామంది ఇచ్చేవారు. అలా ఇచ్చిన ఒక స్కూలు మాస్టారు రక్తం కక్కుకుని ఆయన చేతుల్లోనే పోయారు. ఆ రోగంలో ఆ మందు మేలు చేయదు, కీడే చేస్తుందని తరువాత తేలింది. అప్పటినుంచి ఆయన "పురుగుని చంపు, ఒంటి జోలికి పోకు" అని ఒకటే మంత్రం పట్టుకున్నారు.

"ఒళ్లే తిరగబడితే ఏం చేయాలి సర్?" అని ఒకసారి అడిగాను.

"పుస్తకాలు తక్కువ చదువమ్మాయ్, స్లైడ్లు ఎక్కువ చూడు" అన్నారు.

దెబ్బ తిని నేర్చుకున్న పాఠానికి ఒక గుణం ఉంది. ఇక రెండో పాఠానికి అది చోటివ్వదు. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. నాలోనూ చూశాను, మీలోనూ చూస్తారు.

డోలీలో వచ్చిన మనిషి

వానాకాలం, సంత రోజు. సంతకు వచ్చేవాళ్ల మధ్యలోంచే డోలీ వచ్చింది. ముందు మోస్తున్నది బొంజుబాబు, సుక్రి మొగుడు. వెనక మోస్తున్నది అతని తమ్ముడు. వాళ్ల వెనక తమ్ముడి పెళ్లాం మంగ్లి, చంకలో ఒక ఆడపిల్ల. ఆ పిల్ల సుక్రి కూతురు, ఇంకా పాకడం రాని పసిగుడ్డు.

మా స్టాఫ్ నర్సు రత్నమ్మది పార్వతీపురం వైపు. ఆమె కేక ఘాట్ రోడ్డు మీదికి వినపడేది. "అమ్మా, బేగి రండి! పాలిచ్చే తల్లి, ఒంటి మీద తెలివి లేదు, పళ్లు గిట్టకరిసీసింది!"

స్లైడు నిండా పురుగే. క్వినైను ఎక్కించాం, గ్లూకోజు ఎక్కించాం, ఫిట్స్ వచ్చినప్పుడల్లా పక్కకు తిప్పి పట్టుకున్నాం. రాజేశ్వర్రావు గారు ఇంటికి పోకుండా వార్డులోనే బల్ల మీద నడుం వాల్చేవారు. పిల్ల ఆకలికి గుక్కపెడితే మంగ్లి తన పాలే పట్టేది. ఆమెకూ ఒక పిల్లాడున్నాడు, పాలు మాన్పించే ఈడు. "ఈడికేటి, గంజి తాగుతాడు. ఈ గుంట పేనం నిలబడాల కదా" అనేది.

కొన్నాళ్లకు సుక్రి కళ్లు తెరిచింది. మమ్మల్ని ఎవరినీ చూడలేదు. "గుంటేది?" అంది. అదే మొదటి మాట. రత్నమ్మ పిల్లను తెచ్చి పక్కలో పడుకోబెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "అదేటమ్మా అలా సూత్తారు, జలుబు సేసింది" అని నన్నే కసిరింది. రాజేశ్వర్రావు గారు సంత నుంచి జిలేబీలు తెప్పించారు. స్లైడు నెగటివ్ రాగానే సుక్రి పిల్లను చంకనెత్తుకుని, నడిచే తమ ఊరికి వెళ్లింది. ఆ నడకను చూస్తూ గేటు దగ్గర నిలబడ్డాం.

"చూపించు"

కొన్ని వారాలకు బొంజుబాబు ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. జ్వరం లేదు. కానీ అడుగు తిన్నగా పడటం లేదు, కల్లు తాగిన మనిషిలా తూలుతోంది. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్ద. చనిపోయిన అత్తగారు మంచం మీద కూర్చున్నదని నవ్వుతుంది. పిల్లను చూపిస్తే గోడకు అతుక్కుపోయి "ఈ గుంటకి రెండు మొకాలున్నాయి, నాకొద్దు" అని అరిచింది. కళ్లు తెరవగానే "గుంటేది?" అన్న మనిషి!

స్లైడు తీశారు. నెగటివ్. మళ్లీ తీశారు. మళ్లీ నెగటివ్.

"మలేరియా కాదు. బుద్ధి చలించింది" అన్నారు రాజేశ్వర్రావు గారు.

బొంజుబాబు చేతులు కట్టుకుని, "బాబూ, మా ఊళ్లో ఇలాటోళ్లని పొలం గుడిసెలో ఉంచుతాం. పెద్దముసిలి ఒకర్తి తోడుంటాది. ఒణుకు తగ్గినాక ఇంటికి తెచ్చుకుంటాం. మా గురుమాయి సెప్పింది" అన్నాడు. గురుమాయి అంటే వాళ్ల ఊళ్లో పూజలు చేసే ఆడమనిషి.

"పిల్ల?"

"గుంట మా మంగ్లి కాడ పాలు తాగుతాది."

రాజేశ్వర్రావు గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "పసిపిల్ల తల్లిని అడవిలో పడేస్తారా? మనుషులేనా మీరు? వీల్లేదు. కొండ కింద మానసిక వైద్యశాలకు పంపుతున్నాను. వాళ్లు బాగుచేసి పంపిస్తారు."

నేను అడ్డుపడ్డాను. "సర్, తలకెక్కిన జ్వరం తగ్గి ఎన్నో రోజులు కాలేదు. పురుగు పోయినా ఆ రక్తనాళాల గోడల్లో వేడి తగ్గలేదేమో. కొన్నాళ్లు ఇక్కడే ఉంచి చూద్దాం. దానంతటదే తగ్గవచ్చు."

"స్లైడు నెగటివ్. వేడి ఎక్కడుంది? చూపించు."

నేను చూపించలేకపోయాను. మెదడు లోపలి రక్తనాళాన్ని చూపించే యంత్రం ఆ కొండ మీద లేదు. రక్తం చుక్కను చూడగలం, ఆ రక్తం పారే గోడను చూడలేం. కంటికి కనపడింది ఉన్నట్టు, కనపడనిది లేనట్టు, అదీ మా వైద్యం. ఇలాంటి స్థితికి ఒక్కోసారి స్టెరాయిడు కొద్దిగా ఇస్తారని ఇప్పుడు అంటారు. అప్పుడు ఆయన ముందు ఆ మాట ఎత్తితే నా తల ఎగిరిపోయేది. అయినా ఇక్కడే ఉంచమని గొంతు చించుకుని అరిచాను. ఆయన నాకంటే గట్టిగా అరిచారు. వార్డంతా మా ఇద్దరినీ వింత చూసింది. చివరికి "మలేరియా లేదు" అని రాసిన కాగితంతో సుక్రిని జీపు ఎక్కించారు. కదిలే జీపులోంచి ఆమె మంగ్లి చంకలో పిల్లను చూసి నవ్వుతోంది. ఎవరినో చూసి నవ్వినట్టు నవ్వుతోంది.

"ఏటమ్మా, ఆయన మీద అరిసి ఏటి లాభం. సెడ్డ మనిసి కాదు కదా" అంది రత్నమ్మ.

అదే కదా నా ఏడుపు. చెడ్డమనిషి అయితే పోట్లాటకు ఇంకా బలం ఉండేది.

పొలం గుడిసె

ఆ వెంటనే నన్ను డెప్యుటేషను మీద డొంకరాయి వైపు వేశారు. ఏడాది దాటాక తిరిగొచ్చాను. ట్రంకుపెట్టె దించకముందే రత్నమ్మను సుక్రి గురించి అడిగాను.

"ఎప్పుడో ఒచ్చీసిందమ్మా. పట్నంలోనే నెలలు ఉంచీసినారు. ఇప్పుడు బుర్ర బాగానే ఉంది. పొలం గుడిసెలోనే ఉంటంది."

"బుర్ర బాగుంటే గుడిసెలో ఎందుకు?"

"సేతులు ఒణుకుతన్నాయమ్మా" అంది, అదే జవాబు అన్నట్టు.

మర్నాడే వెళ్లాను. అడవిలో పారేసిన మనిషిని చూడబోతున్నాననుకున్నాను. వెళ్లి చూస్తే, వాళ్లు గెడ్డ అనే కొండవాగు ఒడ్డున, వలిసె నూనెగింజల చేను పక్కన శుభ్రంగా అలికిన గుడిసె, పొయ్యి మీద సోలు, అంటే రాగుల, అంబలి, పక్కన చాప మీద తోడుండే ముసలమ్మ కునుకు తీస్తోంది. సుక్రి నన్ను చూసి లేచింది. మాట తేటగా ఉంది, పేరు పెట్టి పలకరించింది, రత్నమ్మ జలుబు తగ్గిందా అని వెటకారం కూడా ఆడింది. కానీ మొహంలో కదలిక లేదు, చెక్కబొమ్మలా ఉంది. నడుస్తుంటే చేతులు ఊగడం లేదు. ఊరికే ఉన్న వేళ్లు వాటంతటవే బీడీ చుడుతున్నట్టు కదులుతున్నాయి.

అప్పుడు ఆమే చెప్పింది వాళ్ల ఊరి పద్ధతి. గుడిసెలో ఉన్న మనిషి ఇంటికి రావాలంటే, ఊట దగ్గర బిందెను అంచుదాకా నింపుకుని, నెత్తిన పెట్టుకుని, ఊరి మధ్యగా నడిచి రావాలి. ఇంటి గడప ముందు ఎర్రటి పొడిమన్ను చల్లి ఉంచుతారు. అక్కడ బిందెను రెండు చేతులతో దించి ఇంటి కాగులో పోయాలి. మన్ను తడవకూడదు. తడవకపోతే రోగం దిగినట్టే, అందులో మొదటి గుక్క ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లకు పట్టించి, ఆ మనిషిని లోపలికి తీసుకుంటారు. తడిస్తే మళ్లీ గుడిసె. తిట్టరు, కొట్టరు. "మళ్లీ సూద్దాంలే" అంటారు, అంతే.

నడక తూలుతుందా, చెయ్యి వణుకుతుందా అని మేం ఓపీలో గీత మీద నడిపించి, ముక్కు ముట్టుకోమని చూస్తాం కదా, ఇంచుమించు అదే పరీక్ష. అలాగని ఆ ఊరి పద్ధతులన్నీ నెత్తిన పెట్టుకోమని నేను చెప్పను. అదే ఊరివాళ్లు జ్వరమొచ్చిన పిల్లలకు కోడిని కోసి మొక్కుతూ కూర్చుని, చెయ్యి దాటాక మా దగ్గరికి తెచ్చిన రోజులున్నాయి. వాళ్ల మీదా అరిచాను. కానీ ఈ ఒక్క విషయంలో, ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. ఆ పని వాళ్లకు చేతనయింది, మాకు చేతకాలేదు. ఆ రోజు మేం పంపించకుండా ఉంటే, ఆ యేడు కోతలకే సుక్రి ఇంట్లో ఉండేదని నా నమ్మకం. నిరూపించలేను.

"ఎన్నిపాల్లు ఎత్తినానో బిందె. దారంతా బాగానే ఒత్తాను డాక్టరమ్మా. గడప కాడ దించినప్పుడు ఒలికిపోతాది. నేను బాగానే ఉన్నాను. ఈ సెయ్యే నా మాట ఇంటం లేదు" అంది సుక్రి.

"పిల్ల?"

"పొద్దున్నే గెడ్డ అవతలికి మంగ్లి ఎత్తుకొత్తాది. రోగం దిగీదాకా గుంటని గెడ్డ దాటించకూడదు. సెయ్యి ఊపుతాది గుంట. సుట్టాన్ని సూసినట్టు సూత్తాది."

నేను ఆమె వేళ్లనే చూస్తున్నాను. "ఏ మందు వాడుతున్నావమ్మా?"

"నెలకోపాలి సూది. పట్నంలో రాసినారు. పెద్ద డాక్టరు బాబు మరిసిపోకుండా ఏత్తారు. వాన పడితే మనిసిని పంపిత్తారు" అంది, కృతజ్ఞతగా.

ఒక్క నెలా తప్పలేదు

కొండ దిగుతూ దారి పొడవునా నాలో నేనే తిట్టుకున్నాను. ఎవరిని తిట్టానో కూడా తెలియదు. బుద్ధి చలించినవాళ్లకు నెలనెలా వేసే ఆ ఇంజెక్షనుకు ఒక గుణం ఉంది, కొందరికి మొహం బిగుసుకుపోయి చేతులు వణుకుతాయి. జ్వరం తాలూకు వణుకు ఎప్పుడో తగ్గిపోయింది. ఇప్పుడున్నది మేం పోసిన వణుకు.

రాజేశ్వర్రావు గారు మైక్రోస్కోపు దగ్గర ఉన్నారు. ఆ టైములో పలకరించకూడదు. పలకరించాను. అరవకుండా, ఒక్కొక్క మాటే చెప్పాను. గెడ్డ అవతల నిలబడే పిల్ల సంగతి కూడా చెప్పాను. ఆయన మైక్రోస్కోపు మీంచి కన్ను తీసి నా వైపు తిరిగారు.

"నేనే కదమ్మా వేశాను. ఒక్క నెలా తప్పలేదు" అన్నారు.

చూస్తున్న స్లైడును తీసి పక్కన పెట్టారు.

"నువ్వు ఆ రోజు చెప్పావు. ఇంకొంచెం గట్టిగా చెప్పలేకపోయావా?"

"గట్టిగానే అరిచాను సర్."

"అవును, అరిచావు. అందుకే వినలేదనుకుంటా" అన్నారు.

ఇద్దరం కలిసి పట్నం డాక్టరుకు ఫోను చేశాం. ఆయన బుద్ధిమంతుడే. "ముందు మెదడుకు మలేరియా వచ్చి తగ్గిందా? మాకెవరూ చెప్పలేదే!" అన్నాడు. ఎలా చెబుతారు, మలేరియా లేదని రాసి పంపింది మేమే కదా. విషయమంతా విని ఇంజెక్షను ఆపేయమన్నాడు. ఆ మందు ఒంట్లోంచి పోవడానికి, వణుకు తగ్గడానికి నెలలు పడుతుందన్నాడు.

ఆ నెలల్లో రాజేశ్వర్రావు గారు ఎన్నిసార్లు ఆ కొండెక్కారో. చేతిలో సూది లేకుండా ఆయన రోగి దగ్గరికి వెళ్లడం అంతకుముందు చూడలేదు. చెయ్యి చాపమని చూసేవారు, తిరిగొచ్చేవారు. మీరు నేర్చుకోవలసిందేమైనా ఉంటే అది ఇక్కడే ఉంది. మందు రాయడం ఎవరికైనా వస్తుంది, రాసిన మందును మళ్లీ అనుమానించడం రావాలి. ఆయనకు వచ్చేసరికి రిటైర్మెంటు దగ్గర పడింది.

పొడిమన్ను

చైత్రమాసంలో కొండల్లో చేసే ఇటుకల పండగకు ముందు బొంజుబాబు వచ్చి, "రేపు బిందె ఎత్తుతాది. డాక్టరు బాబుని కూడా రమ్మంది" అన్నాడు.

రత్నమ్మతో సహా ముగ్గురం వెళ్లాం. గడప ముందు మెత్తగా జల్లించిన ఎర్రమన్ను చల్లి ఉంది. వీధికి రెండు వైపులా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. బొంజుబాబు గడప దగ్గర కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. రాజేశ్వర్రావు గారికి అరుగు మీద చాప వేస్తే కూర్చోలేదు, వెనకాల చూరు పట్టుకుని నిలబడ్డారు.

సుక్రి ఊట వైపు నుంచి వచ్చింది. నెత్తిన బిందె, చేతులు ఊగుతున్నాయి, మామూలు మనుషులకు ఊగినట్టే. గడప దగ్గర ఆగింది. రెండు చేతులతో బిందెను పట్టుకుని నెమ్మదిగా దించింది. కాగులో నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బొంజుబాబు వంగి మన్ను మీద అరచెయ్యి రాసి, పైకెత్తి అందరికీ చూపించాడు. పొడి. ఎవరో కేకేశారు, తుడుం మోగింది, రత్నమ్మ ఈసారి జలుబని కూడా చెప్పకుండా భోరుమంది.

సుక్రి గ్లాసుతో నీళ్లు ముంచి మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి గుక్క చిన్నవాళ్లది. ఆ ఇంట్లో చిన్నది ఆ పిల్లే. అప్పటికి గంతులేసే వయసు. మంగ్లి చీర పట్టుకుని వెనక దాక్కుంది.

"ఎల్లు, అమ్మకాడికి ఎల్లు" అని మంగ్లి ముందుకు తోసింది.

పిల్ల మంగ్లి మొహంలోకి చూసింది. "అమ్మవి నువ్వే కదా?" అంది.

తుడుం ఆగిపోయింది. మంగ్లి కళ్ల నీళ్లు పెట్టుకుంది. సుక్రి మాత్రం అలాగే చెయ్యి చాపి కూర్చుంది, గ్లాసు నిండా నీళ్లతో. చాలాసేపు కూర్చుంది. ఆ చెయ్యి వణకలేదు.

చివరికి పిల్ల వచ్చి గుక్కెడు తాగి, మూతి తుడుచుకుని, పరిగెత్తి మంగ్లి కాళ్లను చుట్టేసుకుంది. సుక్రి పిల్ల వైపే కొంచెంసేపు చూసి, లేచి, చూరు కింద ఉన్న రాజేశ్వర్రావు గారి దగ్గరికి వచ్చింది. చేతులు రెండూ ఆయన ముందు చాపింది.

"సూసినారా బాబూ," అంది సంతోషంగా, "ఒక్క సుక్క ఒలకలేదు."

"చూశానమ్మా" అన్నారు ఆయన.